గిన్నె గంగలో పడింది

అవతలి ఒడ్డున పడవ ఇంకా కదలలేదు. నేను చూడనట్టే చూస్తున్నాను. ఇసుకలో కూర్చుంటే చీర మాసిపోతుందని అవ్వ మరీ మరీ చెప్పి పంపింది కాబట్టి నిలబడే ఉన్నాను, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒకసారి వెనక్కి, ఒకసారి ముందుకు పెట్టుకుంటూ. చీర అవ్వదే, మా అమ్మది. తెల్లది. నాకు నాలుగు వేళ్లు పొడుగు, అందుకని నడుము దగ్గర రెండు మడతలు వేసి చెక్కింది. ఈవేళ నేను బల్లలో చేరతాను. గుడిలో అందరి ముందు మోకరించి మొదటిసారి రొట్టె ముక్క తిని ద్రాక్షరసం తాగుతాను. అందుకోసం అయ్యగారు చెన్నూరు నుంచి ఈ పడవలోనే వస్తారు. మా ఊరికి నెలకొక్కసారే వస్తారు ఆయన. తక్కిన ఆదివారాలు మా బాపే వాక్యం చెబుతాడు. బాపు మా ఊరి ఉపదేశి, ఊళ్లో అందరూ పంతులు అంటారు. నెల కిందటి జ్వరం తగ్గింది గాని కాళ్లలో బలం రాలేదు. "నీ బల్ల దినం, అయ్యగారికి నువ్వే ఎదురుపోవాలె బిడ్డా" అన్నాడు పొద్దున. అంటూ నా తల మీద చెయ్యి పెట్టాడు. ఆ చెయ్యి బరువు ఇంకా నెత్తి మీద ఉన్నట్టే ఉంది. దించుకుందామంటే దిగడం లేదు.

పడవను చూస్తే రామవ్వ కనిపించదు, అందుకే పడవను చూస్తున్నాను. కాని కనిపిస్తుంది. రేవుకు పది బారల దూరంలో, నడుము లోతు నీళ్లలో, రెండు చేతులూ నీటి మీద పరిచి, కళ్లు మూసుకొని, పాదం పాదం జరుపుకుంటూ వెతుకుతున్నది. నెల రోజుల నుంచి ఇదే పని. పొద్దున్నే కూలికి పోయే ముందు గంగలో దిగుతుంది. (గోదావరి అని బడిలో రాస్తాం, నోటితో మాత్రం గంగే అంటాం.) కళ్లతో వెతకదు, చేతులతో వెతకదు, పాదాలతో వెతుకుతుంది. కాలి వేళ్లతో ఇసుకను కెలికి, ఏదైనా గుండ్రంగా తగిలితే ఆగి, మునిగి, తీసి చూస్తుంది. గులకరాయి. ఒకనాడు ఎవరో పారేసిన ఇత్తడి మూత దొరికింది. ఆ రోజు ఊరంతా వినబడేటట్టు "దొరికింది, దొరికింది" అని అరుచుకుంటూ మా ఇంటికి పరుగెత్తి వచ్చింది. అవ్వ ఆ మూత చేతిలోకి తీసుకొని, తిప్పి చూసి, చెంబెడు మజ్జిగ ఇచ్చింది. నేను తలుపు వెనకాల ఉన్నాను. నేనెప్పుడూ తలుపు వెనకాలే ఉంటాను. సిగ్గు ఎక్కువ పిల్లకు అంటారు. మంచి పిల్ల అనే అర్థంలో అంటారు.

గిన్నె వెండిది. ఎప్పటి దొరో ఇచ్చి పోయాడట, మా గుడికీ చెన్నూరు గుడికీ కలిపి ఒక్కటే. నెలలో మొదటి ఆదివారం మా ఊళ్లో బల్ల, రెండో ఆదివారం చెన్నూరులో. మధ్యలో అది మా ఇంట్లో, ఎర్ర గుడ్డలో చుట్టి, చెక్కపెట్టెలో ఉండేది. బల్లలో చేరని వాళ్లు దాన్ని ముట్టకూడదు. అవ్వ ముగ్గుపిండితో తోముతుంటే నేను దూరం నుంచి చూసేదాన్ని. లోపలి వైపు చూస్తే ముఖం తలకిందులుగా కనిపించేది. ఆ శనివారం బాపుకు జ్వరం. గిన్నెను చెన్నూరు చేర్చాలి. రామవ్వ చింతపండు గంప ఎత్తుకొని చెన్నూరు అంగడికి పోతున్నది, ఆమెను తోడు పెట్టి, గుడ్డసంచిలో గిన్నె పెట్టి, సంచి నోరు ముడివేసి నా చేతికిచ్చాడు బాపు. "ముడి ఇప్పకు" అన్నాడు. అంతే అన్నాడు. అదొక్కటే అన్నాడు.

అదుగో, అవతల ఎవరో పడవెక్కుతున్నారు. తెల్లగా కనిపిస్తున్నది, అయ్యగారి అంగీ కావచ్చు. కాదేమో. కాకపోతే బాగుండు. ఆయనకూ జ్వరం వస్తే బాగుండు. ఇట్లాంటి తలపు వచ్చింది నాకు, తెల్లచీర కట్టుకొని, నూనె పెట్టి దువ్విన తలతో.

ముడి ఎందుకు విప్పానో నా నోటుబుక్కులో కూడా రాయలేదు. ఏడో తరగతి అయిపోయాక మిగిలిన నోటుబుక్కులో రోజూ రాస్తాను, ఎవరికీ చూపించను, బియ్యం కాగు కింద పెడతాను. ఆ రోజు తేదీ వేసి రాసింది ఒకటే ముక్క: ఈ రోజు గిన్నె గంగలో పడింది. పడింది. దానికి కాళ్లున్నట్టు, అదే లేచి పోయి పడ్డట్టు. ఎవరూ చదవని బుక్కులో ఎవరి కోసం అట్లా రాశాను? పది మంది ముందు మాట్లాడలేని నాకు, పది మంది చూస్తుండగా ఆ గిన్నెతో తాగాలంటే భయం. చెయ్యి వణుకుతుందేమో, గడ్డం మీద ఒలుకుతుందేమో, మగపిల్లలు నవ్వుతారేమో. ఒక్కసారి తాగి చూస్తే అలవాటవుతుందనుకున్నాను. ఇది నిజమే, కాని మొత్తం నిజం కాదు. అందరికంటే ముందు, అయ్యగారు ఇవ్వకముందే, ఒక్కదాన్నే, నాకుగా నేనే ఆ గిన్నె పట్టుకోవాలనిపించింది. రామవ్వ పడవెక్కుతూనే గంప మీద తల పెట్టి నిద్రపోయింది, రేవు ఇంకా పది బారలు కూడా దాటలేదు. పడవ నడిపే బాలమల్లు అటు తిరిగి గెడ వేస్తున్నాడు. ముడి విప్పాను. గిన్నెను నీళ్లలో ముంచి ఒక గుక్క తాగాను. చల్లగా ఉంది, కొంచెం మట్టి వాసన. చెయ్యి వణకలేదు. ఎంత బాగుందో! అదీ నిజమే, ఎంతో బాగుంది. రెండోసారి ముంచాను. పడవ జరుగుతున్నది, నీళ్లు గిన్నెను వెనక్కి లాగాయి, ఎవరో చెయ్యి పట్టి గుంజుకున్నట్టు. ఒక్క క్షణం తెల్లగా మెరిసి లోపలికి పోయింది. పెద్ద చప్పుడు కూడా కాలేదు. చప్పుడు చేసింది నేను. నా కేకకు రామవ్వ ఉలిక్కిపడి లేచింది. "ఏమైంది బిడ్డా?" నా నోరు నాకంటే ముందే ఉంది. "గిన్నె పడ్డది. నువ్వే దొబ్బినవు" అన్నాను.

మా వైపు దొబ్బడమంటే నెట్టడం. నిద్రలో నీ భుజం తగిలి నన్ను నెట్టావు, చేతిలో గిన్నె పోయింది అని చెప్పినట్టు. రామవ్వ నా ముఖంలోకి చూసింది. నేను ఏడుస్తున్నాను. ఆ ఏడుపు అబద్ధం కాదు, అందుకే ఆమె నమ్మింది. "అయ్యో నా చేతులు ఇరిగిపోను, నిద్రల దొబ్బిన్నా!" అని నెత్తి కొట్టుకుంది. బాలమల్లు గెడ ఆపి, దూకి, మూడుసార్లు మునిగి తేలాడు. ఇసుకే, నీళ్లే. ఆయనకు కూడా రామవ్వే చెప్పింది, "నా మొద్దు నిద్ర పాడుగాను, పోరిని దొబ్బిన మల్లన్నా" అని. ముడి ఎట్లా ఊడిందని కూడా ఎవరూ అడగలేదు, నేను నోరు తెరవనక్కరలేకపోయింది. నా అబద్ధాన్ని ఆమే మోసుకొని తిరిగింది, చింతపండు గంపతో పాటు.

చెన్నూరులో అయ్యగారు తలుపు తీసి, ఒట్టి సంచి చూసి, "గిన్నె ఏదమ్మా?" అన్నారు. ఆయన రాజమండ్రి వైపు నుంచి వచ్చి ఆరు నెలలే అయింది, మన రాష్ట్రాలు కలిసినాక. ఆయన మాట పుస్తకంలో అచ్చులాగా ఉంటుంది, ఆయన ముందు నాకు అసలే నోరు పెగలదు. రెండే మాటలు అన్నాను. "రామవ్వ దొబ్బింది." ఆయన ముఖం ఎర్రబడింది. ఇంకేమీ అడగలేదు. చెప్పులేసుకొని అంగడికి నడిచారు, వెనకాలే నేను. "రామవ్వా, నిజం చెప్పు. నువ్వేనా దొబ్బింది?" ఆమె చింతపండు మీద చేతులు దులుపుకొని లేచి నిలబడి, "నిద్రల దొబ్బిన్నేమో అయ్యా. నాకైతే ఎరుకలేదు. పోరి అంటున్నది గదా, పంతులు బిడ్డ అబద్ధమెందుకాడుతది?" అంది. "నిద్రలోనా!" అన్నారాయన. ఆ మాట ఎందుకంత కోపంగా అన్నారో నాకప్పుడు తెలియలేదు. "ఏమైనా సరే, తెచ్చి పెట్టవలసిందే." "తెస్త అయ్యా, నా పానం పోయినా దేవులాడి తెస్త." మర్నాడు చెన్నూరు గుడిలో గాజు గ్లాసుతో బల్ల జరిగింది. మూడు రోజులకు బాపుకు ఉత్తరం వచ్చింది, రామవ్వ చేసిన పని తన ముందే ఒప్పుకుంది గనుక గిన్నె తెచ్చి ఇచ్చేదాకా ఆమెను బల్లకు రానివ్వవద్దని. నేనే చదివి వినిపించాను. బాపు ఉత్తరం మడిచి దిండు కింద పెట్టాడు. "నిద్రల చెయ్యి తగిలితే గింత శిక్షనా" అన్నాడు మెల్లగా, నాకు వినబడొద్దన్నట్టు.

ఆ నెలంతా ఆదివారాలు ఎట్లా గడిచాయో. రామవ్వ గుమ్మం దగ్గర కూర్చునేది, చెప్పులు విడిచే చోట. మనం చేసిన తప్పులు ఒప్పుకునే ప్రార్థన అందరం కలిసి చెబుతాం. అందులో మేము అని ఉంటుంది, నేను అని ఉండదు. ఆ మేములో ఎంత చోటో! నలభై మంది గొంతుల మధ్య నా గొంతు కలిపేదాన్ని, ఎవరి తప్పు ఏదో దేవుడు ఏరుకోవలసిందే అన్నట్టు. గుమ్మం దగ్గర నుంచి మాత్రం ఒక గొంతు అందరికంటే గట్టిగా, అందరూ ఆపినాక కూడా వినిపించేది.

పడవ కదిలింది. గెడ ఎండలో తళుక్కుమంది.

నిన్న తెలిసింది. ప్రతి శనివారం బల్ల పాఠాలకు చెన్నూరు పోతున్నాను, నిన్న చివరి పాఠం. అయ్యగారు ఊళ్లో లేరు, అమ్మగారే చెప్పారు. కొట్టుగదిలోంచి చాప తెమ్మంటే పోయి, తలుపు రాక, "ఎంత దొబ్బినా వస్తలేదు అమ్మగారూ" అన్నాను. ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకొని నవ్వారు. "ఛీ, ఆడపిల్లవు, ఆ మాట అనకే. మా వైపు దొబ్బడమంటే దొంగతనంగా ఎత్తుకుపోవడం. మంచివాళ్లు పలకరు." నేను తలుపు పట్టుకొని అట్లాగే నిలబడ్డాను. రామవ్వ దొబ్బింది. నిద్రలో దొబ్బానేమో అయ్యా. తెచ్చి పెట్టవలసిందే. అన్నీ ఒక్కసారి తిరగబడ్డాయి, గిన్నె లోపల ముఖంలాగా. అమ్మగారు ఇంకా చెబుతున్నారు, నవ్వు ఆపి, "ఆ రామవ్వ సంగతే మీ అయ్యగారికి బెంగ. రేపు మీ గుడిలో అందరి ముందూ ఆమె పేరు చదువుతారు. అప్పటికీ గిన్నె ఇవ్వకపోతే ఠాణాకు చెప్పక తప్పదంటున్నారు."

ఠాణా అనే మాట వినగానే భయం వేసింది. కాని దాని వెనకాలే, ఎంత నీచమో, సంతోషం వచ్చింది. అయితే తప్పు మాటది! నేనన్నది ఒకటి, ఆయన విన్నది ఒకటి. గోదావరికి ఆ చివర ఒక అర్థం, ఈ చివర ఒక అర్థం. ఇందులో నా తప్పేముంది? రేపు అయ్యగారు దిగగానే ఈ సంగతి చెబుతాను, అందరూ నవ్వుతారు, రామవ్వ దొంగ కాదని తేలిపోతుంది, నేను బల్లలో చేరతాను. పడవలో తిరిగి వస్తూ ఆ మాటలు లోపల కూర్చుకున్నాను, పద్యం వల్లించినట్టు. ఇంటికొచ్చి నోటుబుక్కు తీసి అదంతా రాసుకున్నాను, పేజీన్నర. రాసి చదువుకుంటే ఎక్కడా అబద్ధం లేదు. రామవ్వ నెట్టింది అన్న ఒక్క మాట తప్ప. దాన్ని నేను రాయలేదు కూడా, అది అప్పటికే ఉంది. మంచం కింద కాలు లాగా, దాని మీదే అంతా నిలబడి ఉంది.

"ఓ పంతులు బిడ్డా!" రామవ్వ పిలుస్తున్నది నీళ్లలోంచి. "ఎట్లున్నవే తెల్లచీరల! కొంగలెక్క ఉన్నవు. దగ్గరికి రాకు, తడుస్తవు."

"ఇగ చాలు రామవ్వా, రా" అన్నాను. గొంతు నాకే వినబడలేదు.

"ఏందీ? జర గట్టిగనే. పడవ వచ్చేదాక సూస్త. నీ బల్లకు గిన్నె లేకపోతే ఎట్లనే? గాజు గిలాసల తాగుతవా, చాయ తాగినట్టు?" నవ్వింది. మళ్లీ కళ్లు మూసుకుంది. మళ్లీ పాదం.

పడవ నడిమి గంగలోకి వచ్చింది. ఇప్పుడు మనుషులు తెలుస్తున్నారు. ముందర కూర్చున్నది అయ్యగారే. వెనకాల బాలమల్లు. బాలమల్లు నోరు ఊరుకోదు, గెడతో పాటే నడుస్తుంది. గిన్నె పోయాక అయ్యగారు ఈ పడవెక్కడం ఇదే. బాలమల్లు చెబుతాడు. గిన్నె ఇంకా దొరకలేదయ్యా, ఎంత దేవులాడినం అంటాడు. అయ్యగారు ఉలిక్కిపడి ఎక్కడ దేవులాడారు అంటారు. గంగలనే గదా అంటాడు. అంతటితో అయిపోతుంది. దేవా, బాలమల్లు చెప్పాలి. బాలమల్లు నోట చెప్పించు దేవా. నేను ప్రార్థన చేస్తున్నాను! ఈ నెలలో మనసుతో చేసిన మొదటి ప్రార్థన ఇదే, నా నోరు తెరిచే పని తప్పించమని. చూస్తుండగానే అయ్యగారు వెనక్కి తిరిగారు. బాలమల్లు గెడ ఎత్తి రామవ్వ వైపు చూపించాడు. అయ్యగారు లేచి నిలబడ్డారు, పడవ ఊగింది, కూర్చున్నారు, మళ్లీ లేచారు. విన్నాడు. దేవుడు విన్నాడు.

పడవ ఇసుకలో ఒరగకముందే అయ్యగారు దూకారు. ఆయన నవ్వుతున్నారో ఏడుస్తున్నారో తెలియలేదు. "అమ్మాయ్! నెట్టడాన్నా మీరు దొబ్బడం అంటారు? నాకు తెలియదే! ఈ మల్లయ్య చెబితే గాని..." నా వైపు ఆగలేదు. చెప్పులతోనే నీటి అంచుకు పోయి, రామవ్వకు రెండు చేతులూ జోడించారు. అయ్యగారు! "రామవ్వా, నిన్ను దొంగ అనుకున్నాను. నెలంతా అనుకున్నాను. ఎక్కడ, ఎట్లా అని ఒక్క మాట అడిగినా తెలిసేది, అడగలేదు. తప్పు నాది. అందరి ముందూ చెబుతాను."

"దొంగనా? నేనా?" రామవ్వ నోరు తెరిచి చూసింది. తరువాత నవ్వు వచ్చింది ఆమెకు, ఆపుకోలేనంత. "ఓ అయ్యా! నిద్రల దొబ్బిన అంటే నిద్రల దొంగతనం జేసిన అనుకున్నవా? గంత హుషారు దాన్నయితే గీ కూలెందుకు జేస్త!" నవ్వి నవ్వి, కొంగుతో ముఖం తుడుచుకుంది. "అయినా నాది తప్పే అయ్యా. గిన్నె పోతున్న పడవల నిద్రపోవుడేంది."

"నాది గూడ ఉన్నది" అన్నాడు బాలమల్లు గెడ పాతుతూ. "పసిపిల్ల చేతుల గంత సామాను ఉంటే ఎనకకు తిరిగి సూడకపోతి."

ముగ్గురూ ఎవరి తప్పు వాళ్లు ఒప్పుకున్నారు. ముగ్గురి ముఖాలూ తేటగా ఉన్నాయి, తలంటు పోసుకున్నట్టు. ఇక మిగిలింది నేను. నన్ను ఎవరూ ఏమీ అడగలేదు. అడగరు కూడా. "పదమ్మా, వేళవుతోంది" అన్నారు అయ్యగారు. "రామవ్వా, నువ్వూ రా. ఈవేళ నీకే మొదట బల్ల." నేను కోరుకున్నదంతా జరిగింది. నడిస్తే చాలు. ఊరి దారి నా వెనకే ఉంది, తిరిగి అడుగు వేస్తే చాలు. రామవ్వ ఒడ్డెక్కుతున్నది. ఆమె పాదాలు చూశాను. తెల్లగా నానిపోయి, మడమలు పగిలి, పగుళ్లలో ఇసుక. నెల రోజులు వాటిని తప్ప అన్నీ చూశాను.

"రామవ్వ దొబ్బలే" అన్నాను.

"అది తేలిపోయింది కదమ్మా" అన్నారు అయ్యగారు.

"మీ మాటల దొబ్బలే, మా మాటల గూడ దొబ్బలే. ఆమె చెయ్యి నాకు తగలనేలే. పండుకున్నది. నేనే ముడి ఇప్పిన. గిన్నె ముంచుకొని నీళ్లు తాగిన. నేనే పడేసిన. పడేసి, ఆమె మీద చెప్పిన." ఇంత గట్టిగా నేనెప్పుడూ మాట్లాడలేదు. నీళ్ల మీద నా గొంతు అవతలి దాకా పోయినట్టనిపించింది.

బాలమల్లు గెడ వదిలేశాడు. రామవ్వ నా ముందుకు వచ్చి నిలబడింది. కొడుతుందనుకున్నాను. కొడితే బాగుండనుకున్నాను. ఆమె నా ముఖం చూడలేదు, చీర కుచ్చిళ్లు చూసింది.

"నెల దినాలాయె బిడ్డా" అంది. "నా మనుమరాలు నా పక్కలనే పంటది, నాలుగేండ్లది. నిద్రల దాన్ని గూడ దొబ్బుతనేమో, మంచం మీదికెల్లి పడ్తదేమో అని దూరం పండవెట్టిన. నాయనమ్మా, నాయనమ్మా అని ఏడుస్తది. గోడ దిక్కు తిరిగి పండుకున్న." అంతే అంది. తడి చీర పిండుకొని ఊరి దిక్కు నడిచింది. తిరిగి చూడలేదు.

అయ్యగారు తన చేతిసంచి ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నారు. "నేను బల్లకు రాను అయ్యగారూ" అన్నాను. "గుడికి రా" అన్నారు. "ఇక్కడ చెప్పింది అక్కడ చెప్పాలి. మీ నాన్నగారి ముందు." కోపంగా అనలేదు, మెత్తగానూ అనలేదు. ఆయనా, బాలమల్లూ రామవ్వ అడుగుల వెంబడే పోయారు.

మొదటి గంట వినిపించింది. బాపు వేపచెట్టుకు కట్టిన రైలుపట్టా ముక్కను కొడుతున్నాడు. ఒక దెబ్బకూ ఇంకో దెబ్బకూ మధ్య ఊపిరి తీసుకుంటున్నట్టు తెలుస్తున్నది. కూతురి బల్ల దినమని లేచి వచ్చి తనే కొడుతున్నాడు. రెండో గంటకు ఇంకా కొంచెం సేపుంది. నేను చెప్పులు విడిచి నీళ్లలోకి దిగాను, రామవ్వ నిలబడే చోటికి. చీర తేలింది, తరువాత బరువెక్కి కాళ్లకు చుట్టుకుంది. ఎంత చల్లగా ఉన్నాయి! ఎముకలోకి పోతున్నది చలి. ఆమె ఒక్కనాడూ చెప్పలేదు. కళ్లు మూసుకొని పాదం జరిపాను. ఇసుక. మళ్లీ జరిపాను. రాయి. గుండ్రంగా ఉంది, వంగి తీశాను, రాయే. రేపు పొద్దున మళ్లీ వస్తాను, ఎల్లుండీ వస్తాను.

రెండో గంట మొదలైంది. ఒడ్డెక్కి నడిచాను, నడుము దాకా తడిసిన అవ్వ తెల్లచీరతో, ఇసుకలో నీళ్లు కారుతుంటే. గుడిలో అందరూ తిరిగి చూస్తారు. చూడనీ.